దోనె ఎక్కాక

తాటిదోనె ఎక్కడానికి ఒక పద్ధతుంది. నిలబడి ఎక్కకూడదు. గట్టు మీద గొంతుక్కూర్చుని, ఒక కాలు లోపల పెట్టి, ఒళ్లు దించేసి, అప్పుడు రెండో కాలు తీసుకోవాలి. కూర్చున్నాక అంచులు పట్టుకోకూడదు. మనం ఎంత బిగుసుకుంటే అది అంత ఊగుతుంది. నేను మొదటిసారి ఎక్కినప్పుడు రెండు చేతులా అంచులు పట్టుకునే కూర్చున్నాను.

"కాళ్లు బారజాపుకోండి బాబూ. పిట్టల కోసం మీరు మెడ తిప్పకండి, దోనే తిప్పుతాను" అన్నాడు గెడ పట్టుకున్న పెద్దాయన.

దోనె అంటే తాటిచెట్టు మొదలే. చెట్టుకి పైన చేవ, లోపల మెత్తన. మొదలు దగ్గర లావుగా ఊరిన భాగం చూసి కోసి, లోపలి మెత్తనంతా తొలిచేస్తే మిగిలిన చేవ గుల్ల నీటి మీద తేలుతుంది. ఒంటి దోనె ఒక మనిషికి, మహా అయితే ఇద్దరికి. రెండు దోనెలు పక్కపక్కన పెట్టి అడ్డకర్రలు కడితే సంగడి. దాని మీద ధాన్యం బస్తాలైనా వేయొచ్చు, ముసలమ్మనైనా ఎక్కించొచ్చు. కొల్లేరు సరస్సు లోతు తక్కువ కనుక తెడ్డు కంటే గెడకే పని ఎక్కువ. అది నేలను తాకి వచ్చిన ప్రతిసారీ అడుగున ఒండ్రో, గుర్రపుడెక్క వేళ్లో, పాత చెరువు గట్టో పెద్దాయన చేతికి తెలిసిపోతోంది.

కాసేపటికి గెడ ఆపాడు. ముందు నీటి మీద పళ్లెమంత మేర ఎర్రగా చిటపటలాడుతోంది. కొర్రమీను పిల్లలు. చీమల బారులా ఒక్క గుంపుగా పైకి వచ్చి గాలి పీల్చి దిగుతున్నాయి. "కింద తల్లీ తండ్రీ ఉంటాయి. ఇప్పుడు గాలమేస్తే ఆకలికి కాదు, కోపానికి పట్టుకుంటాయి" అన్నాడాయన. పక్షుల పుస్తకం పట్టుకుని వచ్చిన నాకు ఆ మాట ఆ రోజు చూసిన పక్షులన్నింటికంటే ఎక్కువ గుర్తుండిపోయింది.

బయటివాళ్లకి కొల్లేటి పర్యాటకం అంటే ఆటపాక. కైకలూరు పక్కనే. చెట్లు తగ్గిపోతే అటవీశాఖ ఇనుప స్టాండ్లు పాతింది. గూడబాతులు వాటి మీదే గూళ్లు కట్టి పిల్లల్ని లేపుతాయి. శీతాకాలంలో చూడవలసిన దృశ్యమే, కాదనను. కానీ వచ్చినవాళ్లు పడవలో ఒక చుట్టు తిరిగి, నాలుగు ఫొటోలు దిగి, మొక్కజొన్న పొత్తు కొనుక్కుని వెళ్లిపోతారు. సరస్సు లోపలి లంక గ్రామాల్లో మనుషులు ఏం తింటారో, నీళ్లు ఎక్కడ తెచ్చుకుంటారో, బుడమేరు వాగు పొంగితే ఏ గట్టెక్కుతారో వాళ్లకి తెలిసే దారి లేదు.

ఏసుక్రీస్తు పుట్టిన బెత్లెహేముదీ ఇదే గోడు. జెరూసలేం నుంచి బస్సుల్లో వచ్చి, గుడి చూసి, గంటా రెండు గంటల్లో తిరిగి బస్సెక్కే యాత్రికులతో ఊరికి మిగిలేది తక్కువ. అందుకని పక్కనే ఉన్న బెయిత్ సాహూర్‌లో 1995లో ప్రత్యామ్నాయ పర్యాటక బృందం ఒకటి పుట్టింది. వచ్చినవాళ్లని పాలస్తీనా కుటుంబాల ఇళ్లలో ఉంచడం, ఆలివ్ కాయలు కోసే రోజుల్లో తోటలకు తీసుకుపోవడం దాని పని. ఆ తర్వాత మసార్ ఇబ్రహీం అనే కాలిబాట వచ్చింది. జెనీన్ దగ్గరి రుమ్మానా నుంచి హెబ్రోను అవతలి బెయిత్ మిర్సిం దాకా సుమారు 330 కిలోమీటర్లు. నడిచేవాళ్లు చీకటి పడ్డ ఊళ్లో ఎవరింట్లోనో పడుకుంటారు. గిన్నె బోర్లించి వడ్డించే మక్లూబా తింటారు. వాళ్లకి దారి చూపేది ఆ ఊరివాళ్లే. ఆక్రమణ కింద బతకడమంటే ఏమిటో ఉపన్యాసం ఇవ్వనక్కర్లేదు, దారిలో చెక్‌పోస్టులే చెబుతాయి. 2023 అక్టోబరులో గాజా యుద్ధం మొదలయ్యాక అక్కడికి వెళ్లేవాళ్లు దాదాపు ఆగిపోయారు. మనుషుల రాకపోకల మీద నిలిచిన బతుకుతెరువుకి ఉన్న బలహీనత అది.

అతిథులకి చోటివ్వడం కొల్లేటికి కొత్తేమీ కాదు. ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకి ఒకప్పుడు జనం పడవల మీదే వచ్చేవారు. వచ్చినవాళ్లకి లంకల్లో చుట్టాలుంటే సరే, లేకపోతే ఆ పూటకి చుట్టాలయ్యేవారు. పక్షులకీ అంతే. 1946లో పక్షి పరిశీలకుడు కె.కె. నీలకంఠన్ పశ్చిమ గోదావరిలో ఆరేడు అనే ఊరి దగ్గర గూడబాతుల పెద్ద స్థావరాన్ని గుర్తించారు. అడవిలో కాదు, ఊరి చెట్ల మీద! 1970ల నడుమకల్లా ఆ స్థావరం లేకుండా పోయింది.

"కలిదిండిలో చూడ్డానికి ఏముందండీ, చెరువులు తప్ప" అన్నాడొకాయన, పక్కూరి టీ కొట్టు దగ్గర. ఆ చెరువులే చూపించొచ్చు. తెల్లవారుజామున చెరువు పట్టుబడి జరుగుతుంటే గట్టు మీద నిలబడి చూడాలి. మెడలోతు నీళ్లలో వరసగా మనుషులు, దగ్గరకొచ్చేకొద్దీ వలలో ఎగిరిపడే శీలావతులు, బొచ్చెలు, ట్రేలలో చేపకీ చేపకీ మధ్య ఐసు, ఇటు తూకం, అటు అస్సాం వెళ్లే లారీ. ఇంకా వెనక్కి వెళ్తే 11వ శతాబ్దం. కలిదిండి యుద్ధంలో చనిపోయిన ముగ్గురు చోళ సేనానుల జ్ఞాపకంగా రాజరాజ నరేంద్రుడు మూడు శివాలయాలు కట్టించాడని ఆయన తామ్రశాసనమే చెబుతోంది. నన్నయ చేత భారతం రాయించిన రాజు పక్కూళ్లో గుడి కట్టించాడంటే టీ కొట్టాయన కూడా కాసేపు గ్లాసు కడగడం ఆపాడు.

ఇక వంటిల్లు. బొమ్మిడాయిలకి పొలుసు కంటికి కనపడదు, జిగురుంటుంది. బూడిద చల్లి గరుకు రాయి మీద రుద్ది, కడిగి, మళ్లీ రుద్దాలి. తెల్లబడేదాకా వదలకూడదు. పులుసు మట్టి దాకలో. చేప పడ్డాక గరిటె పెట్టకూడదు, ముక్క చిదిగిపోతుంది. దాకను గుడ్డతో రెండు పక్కలా పట్టుకుని గుండ్రంగా తిప్పాలంతే. నాకు వడ్డించిన అక్క, "నిన్నటి పులుసుంది, ఇయ్యాల్టిదీ ఉంది, ఏది పొయ్యమంటారు?" అని అడిగింది. తెలిసినవాడెవడైనా నిన్నటిదే అడుగుతాడు. మంచినీళ్లు మాత్రం డబ్బా నీళ్లు. ఇన్ని నీళ్ల మధ్య తాగే నీళ్లు కొనుక్కోవడం ఏమిటని అడిగేలోపే ఆమె నవ్వేసింది.

ఇదంతా బాగానే ఉంటుంది, డబ్బు ఎవరి చేతికి పోతుందన్న ప్రశ్న వచ్చేదాకా. కొల్లేటి వడ్డీ కులపు జాలర్ల ఊళ్లలో చేపల హక్కు పాట పెట్టి, గుడికింత తీసి, మిగిలింది వాటాలేసుకునే కట్టుబాటు ఉంది. సమష్టి పర్యాటకం అని ఇవాళ సెమినార్లలో చెప్పే సూత్రానికి అసలు కిటుకు ఆ వాటాయే. మారేడుమిల్లి అడవిలో వన సంరక్షణ సమితులు విడిది నడపడం వెనకా ఉన్నది ఈ లెక్కే. అయితే ఆ కట్టుబాటు ఎలా చెడుతుందో కూడా కొల్లేరు చూసింది. 1970ల్లో జాలర్ల సహకార సంఘాలకని తవ్విన చెరువులు క్రమంగా లీజుల మీద బయటి పెట్టుబడిదారుల చేతికి పోయాయి. 1999లో అయిదో కాంటూరు దాకా, అంటే సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు దాకా, కొల్లేరు అభయారణ్యమైంది. 2002లో చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కింది. 2006లో ప్రభుత్వం అభయారణ్యంలోని చేపల చెరువుల గట్లు పేల్చేసింది. లాభం తిన్నవాడు వేరే ఊళ్లో ఉన్నాడు, గట్టు తెగినప్పుడు కూలి పోగొట్టుకున్నవాడు ఇక్కడే ఉన్నాడు. రేపు ఒడ్డున రిసార్టు లేచి, దోనె పెద్దాయనకి నెలజీతం ఇచ్చి టోపీ పెడితే అది మళ్లీ ఆ లీజు కథే. ఇంకో మాట. పాత వాటాలు చాలాచోట్ల మగవాళ్ల తలలు లెక్కపెట్టి వేసినవి. అతిథి వస్తే బూడిద రుద్దేది, దాక తిప్పేది ఆడవాళ్లు. ఆ లెక్క మార్చకుండా కట్టుబాటు గొప్పదని పొగడడం నాకు మనసొప్పదు.

సాయంత్రం దోనె గట్టుకి చేరింది. ఎక్కినట్టే దిగాలి, వెనక నుంచి ముందుకి. నోటు తీసి పెద్దాయనకివ్వబోతే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నాకు కాదు బాబూ. ఈ వారం వంతు మా తమ్ముడి కోడలిది. ఆళ్లాయన కాలు దెబ్బతిని ఇంట్లో ఉన్నాడు, నేను తోలుతున్నానంతే. అదుగో, ఎండు రొయ్యలు ఎత్తుతోంది చూడండి, ఆవిడ చేతికివ్వండి."

ఆమె చేట కింద పెట్టి, చీర కొంగుకి చెయ్యి తుడుచుకుని, నోటు తీసుకుని, చిల్లర లేదని లోపలికి వెళ్లింది. చిల్లర తేలేదు. ఆకులో పొట్లం కట్టి ఎండు రొయ్యలు తెచ్చింది.