ఆడని మ్యాచ్‌కు లెక్క

చౌడేపల్లె కబడ్డీ జట్టు గట్టిదా, కుప్పం జట్టు గట్టిదా? రెండూ ఎదురెదురు పడకపోయినా మా వైపు ఈ ప్రశ్నకు జవాబు లేని మనిషి ఉండడు. మన పిలకాయలే గట్టి అని ఒకరంటారు, కుప్పమోళ్లకు ఎత్తు జాస్తి అని ఇంకొకరంటారు. ఆడని మ్యాచ్ గురించి ఇంత నమ్మకంగా మాట్లాడుకునే ఈ అలవాటు నాకు ఇష్టం. దానికి లెక్క తోడైతే బాగుంటుందని హైస్కూలు జట్ల స్కోర్లు పోగుచేసి, కంప్యూటర్లో రేటింగు కట్టడం నా వ్యాపకం చేసుకున్నాను.

ఈ పని బాగా పెరిగింది అమెరికాలో. అక్కడ హైస్కూలు బాస్కెట్‌బాల్ మగపిల్లల జట్లే 18 వేల దాకా ఉన్నాయి. ఒక్కో జట్టు ఒక సీజనులో ఆడేది ఇరవై, ముప్పై మ్యాచ్‌లు. అంటే ఏ జట్టయినా మిగతా జట్లలో దాదాపు అన్నిటితోనూ ఎప్పటికీ ఆడదు. గెలుపుల సంఖ్యను బట్టి వరస పెడితే బలహీనుల మధ్య గెలిచిన జట్టు పైన కూర్చుంటుంది, బలవంతులతో తలపడి ఓడిన జట్టు కిందికి పోతుంది. ఎవరిని గెలిచావు, వాళ్లు ఎవరిని గెలిచారు, వాళ్లు మళ్లీ ఎవరిని గెలిచారు అని గొలుసు పట్టుకుని వెళ్లాలి. మనిషి రెండు మూడు లంకెల దగ్గరే అలిసిపోతాడు. కంప్యూటరు అలవదు.

తెలుగు ఇళ్లలో రేటింగు అనే మాట చదరంగం పుణ్యమా అని బాగానే తెలుసు. వరంగల్ కుర్రాడు అర్జున్ ఇరిగేశి 2024 డిసెంబరులో 2800 దాటినప్పుడు ఆనంద్ తర్వాత ఆ మెట్టెక్కిన రెండో భారతీయుడని పేపర్లన్నీ రాశాయి. ఆ అంకెల వెనక ఉన్నది హంగరీలో పుట్టి అమెరికాలో భౌతికశాస్త్రం చెప్పిన అర్పాద్ ఎలో. ప్రపంచ చదరంగ సమాఖ్య 1970లో ఆయన పద్ధతిని తీసుకుంది. ఆ లెక్కలో 200 పాయింట్లు ఎక్కువున్న ఆటగాడికి నూటికి 76 పాళ్లు ఫలితం వస్తుందని అంచనా. ఆ అంచనా ప్రకారం గెలిస్తే పెద్దగా ఏమీ పెరగదు, ఓడితే గట్టిగా కోత పడుతుంది. ఎదురుచూడని ఫలితానికే విలువ ఎక్కువ. నాకు ఆ పద్ధతిలో నచ్చేది ఈ ఒక్క సంగతే. చదరంగంలో ఏళ్ల తరబడి ఆడతారు కాబట్టి అది అక్కడ కుదురుతుంది. ఒక హైస్కూలు జట్టు బతికేది ఒక్క సీజను. పదో తరగతి పరీక్షలు అయిపోగానే మంచి రైడరూ, గట్టి క్యాచరూ ఇంటర్మీడియట్‌కు వెళ్లిపోతారు. నిరుటి అంకె ఈ ఏటి జట్టుకు అంటించడం న్యాయం కాదు. అందుకే ఏటేటా సున్నా నుంచి మొదలుపెడతాను.

నేను వాడేది కెన్నెత్ మాసీ అనే అమెరికన్ 1997లో, కాలేజీలో గణితం చదువుకుంటూ సిద్ధాంతవ్యాసంగా రాసిన పద్ధతి. దీన్ని కాగితం మీద చేసి చూస్తేనే దాని అందం తెలుస్తుంది. చౌడేపల్లె పుంగనూరు మీద 10 పాయింట్ల తేడాతో గెలిచిందనుకుందాం. పుంగనూరు కుప్పం మీద 4 పాయింట్లతో గెలిచిందనుకుందాం. మూడు జట్ల రేటింగుల మొత్తం సున్నా రావాలన్నది నియమం. అప్పుడు చౌడేపల్లెకు 8, పుంగనూరుకు మైనస్ 2, కుప్పానికి మైనస్ 6 వస్తాయి. ఆడని చౌడేపల్లె - కుప్పం మ్యాచ్‌లో మనవాళ్లు 14 పాయింట్లతో గెలవాలి.

తర్వాత ఆ మ్యాచ్ నిజంగానే జరిగింది, కుప్పం 2 పాయింట్లతో గెలిచింది అనుకుందాం. లెక్క చెప్పిన దానికీ నేల మీద జరిగిన దానికీ మధ్య 16 పాయింట్ల తేడా. ఇప్పుడు ఏ మ్యాచ్ అబద్ధం? కంప్యూటరు ఏ ఒక్కదాన్నీ తప్పుపట్టదు. ఆ 16నూ మూడు మ్యాచ్‌లకూ సమానంగా, 5.33 చొప్పున పంచుతుంది. మొదటి మ్యాచ్‌లో మనవాళ్లకు ఆ రోజు కాస్త కలిసొచ్చింది, రెండోదాంట్లో పుంగనూరుకు కలిసొచ్చింది, మూడోదాంట్లో కుప్పానికి కలిసొచ్చింది అని తీర్పు చెబుతుంది. కొత్త రేటింగులు: చౌడేపల్లె 2.67, కుప్పం మైనస్ 0.67, పుంగనూరు మైనస్ 2. మూడూ ఒకటి గెలిచి ఒకటి ఓడినవే. పుంగనూరు చేతిలో ఓడిన కుప్పం ఇప్పుడు పుంగనూరుకు పైన ఉంది. పుంగనూరువాళ్లకు ఇది మింగుడుపడదు, పడాలని నేనూ అనను. కానీ మూడు ఫలితాలకూ సమానంగా గౌరవం ఇచ్చి ఒక వరస చెప్పమంటే ఇంతకన్నా నిజాయితీ గల జవాబు నాకు దొరకలేదు. తప్పులను ఇలా పంచే విధానాన్ని 1805లో లెజాండ్ర్ అనే ఫ్రెంచి గణితజ్ఞుడు తోకచుక్కల దారులు కనుక్కోవడానికి ప్రచురించాడు. రెండు శతాబ్దాలు దాటాక అదే లెక్క మట్టికోర్టు మీద కూత పెట్టే పిల్లల దాకా వచ్చిందంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

పాయింట్ల తేడాను లెక్కలోకి తీసుకోవాలా వద్దా అన్నది ఈ వ్యాపకంలో పాత తగాదా. తీసుకుంటే, ఓడిపోతున్న జట్టును ఇంకా చితగ్గొట్టి అంకె పెంచుకోవాలన్న ఆశ పుడుతుంది. అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ చాంపియన్లను తేల్చే అప్పటి పద్ధతిలో కంప్యూటర్లు తేడాను చూడకూడదని 2002లో నిషేధించారు. ఖగోళ శాస్త్రజ్ఞుడు వెస్లీ కోలీ పద్ధతికి ఆ నిషేధంతో పనిలేదు. అది గెలుపోటములనే చూస్తుంది. ఒక్క మ్యాచూ ఆడని జట్టును సరిగ్గా సగం, అంటే 0.5 దగ్గర నిలబెట్టి మొదలుపెడుతుంది. ఏమీ తెలియని జట్టును మంచిదనీ అనదు, చెడ్డదనీ అనదు. ఈ మర్యాద నాకు బాగా నచ్చుతుంది. కానీ మ్యాచ్‌లు తక్కువైన చోట గెలుపోటములు మాత్రమే చూస్తే అంకెలకు అర్థం చాలదు. పాయింట్ల తేడా చూడక తప్పదు. అయితే కబడ్డీలో తేడాలు బాస్కెట్‌బాల్ తేడాల్లాంటివి కావు. జట్టంతా ఔటై లోనా పడితే అదనంగా రెండు పాయింట్లు వస్తాయి, జట్టు ఒకసారి కుదేలైతే స్కోరు ఆగదు. అందుకని ఎంత పెద్ద గెలుపైనా 15 పాయింట్లకు మించి లెక్కలో వేయను. ఆ 15 నేను పెట్టుకున్న హద్దే, ఏ సిద్ధాంతమూ చెప్పింది కాదు. పిల్లలను చితగ్గొట్టిన రోజు స్కోరుకు నా లెక్కలో బహుమానం ఉండకూడదు.

అమెరికా బాస్కెట్‌బాల్ గురించి చెప్పి కబడ్డీకి లెక్క కడుతున్నాడేమని అడగవచ్చు. మా వైపు పల్లె బళ్లలో బాస్కెట్‌బాల్ కోర్టు అరుదు. కబడ్డీకి చదునైన నేలా, గీతలకు ఇంత సున్నమూ చాలు. లెక్కకు ఆట పేరుతో పనిలేదు, ఎవరితో ఎవరు ఆడారు, స్కోరెంత అన్నవే కావాలి. మన దగ్గర దొరకనివీ ఆ రెండే.

స్కోరు సంగతి చూడండి. రెఫరీ షీటు మీద అన్నీ ఉంటాయి. ఏ రైడు ఎవరు వెళ్లారో, లోనా ఎప్పుడు పడిందో వివరంగా రాస్తారు. టోర్నమెంటు అయ్యాక ఆ షీట్లు కట్టలోకి వెళ్తాయి, పేపర్లో మాత్రం "విజేతగా ఫలానా హైస్కూలు" అని ఒక వాక్యమూ, కప్పుతో ఒక ఫోటోనూ వస్తాయి. ఓడిన జట్టు ఎంత దగ్గరగా వచ్చి ఓడిందో ఎవరికీ తెలియదు. ఒకటి, రెండు పాయింట్లతో ఓడిన పిల్లలకూ ఇరవైతో ఓడిన పిల్లలకూ ఒకటే రాత. ఫోన్లు చేసి స్కోర్లు అడుగుతుంటే పీఈటీ సార్లు మొదట ఎందుకని ఆరా తీస్తారు, తర్వాత ఓడిన మ్యాచ్‌ల గురించే జాస్తిసేపు చెబుతారు. వాళ్ల గుండెల్లో అన్ని స్కోర్లూ ఉన్నాయి.

ఎవరితో ఎవరు ఆడారన్నది ఇంకా కష్టం. మండల స్థాయి, జోనల్ స్థాయి పోటీలు చాలాచోట్ల నాకౌట్లే. పదహారు జట్లు వస్తే జరిగేవి 15 మ్యాచ్‌లు. అందులో ఎనిమిది జట్లు ఒక్క మ్యాచ్ ఆడి, పొద్దున వచ్చిన ఆటోలో మధ్యాహ్నానికి ఇల్లు చేరతాయి. ఒక్క మ్యాచ్ ఆడిన జట్టు గురించి ఏ లెక్కా గట్టిగా ఏమీ చెప్పలేదు. అదే ఎనిమిది జట్లు ఒకదానితో ఒకటి ఆడుకుంటే 28 మ్యాచ్‌లు అవుతాయి.

గొలుసు తెగిన చోట లెక్క పూర్తిగా ఆగిపోతుంది. 2022లో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు మదనపల్లె అన్నమయ్య జిల్లాకు వెళ్లింది. చౌడేపల్లె, పుంగనూరు, కుప్పం అప్పుడు చిత్తూరు జిల్లాలోనే మిగిలాయి. పుంగనూరు నుంచి మదనపల్లెకు మనుషులు రోజూ బస్సెక్కి పోయివస్తుంటారు. బడి జట్లకు మాత్రం మధ్యలో జిల్లా హద్దు పడింది. అటువైపు జట్ల స్కోర్లు ఒక గుంపుగా, ఇటువైపువి ఇంకో గుంపుగా కూర్చున్నాయి. రెండిటినీ కలిపే ఒక్క మ్యాచ్ లేకపోతే సమీకరణాలకు ఒకే జవాబు ఉండదు, ఎన్ని జవాబులైనా సరిపోతాయి. అలాంటప్పుడు కంప్యూటరు ఇచ్చే అంకెను నేను ఎవరికీ చూపించను. రేటింగు కట్టడం వల్ల నాకు అర్థమైన పెద్ద సంగతి, మన పిల్లలకు ర్యాంకుల కరువు లేదు, మ్యాచ్‌ల కరువు ఉంది.

అసలు పోల్చడమే ఎందుకు అని అడిగే గొంతు ఒకటి మా పక్కనే పుట్టింది. జిడ్డు కృష్ణమూర్తి 1895లో మదనపల్లెలో పుట్టారు. ఆయన ఆలోచనలతో నడిచే రిషి వ్యాలీ బడి ఆ ఊరికి దగ్గరే ఉంది. ఒక పిల్లవాడిని ఇంకొకరితో పోల్చడం మొదలైన చోట భయం మొదలవుతుందని ఆయన జీవితాంతం చెప్పారు. నేను దాన్ని తేలిగ్గా తీసుకోలేను. మార్కుల ర్యాంకులు మన పిల్లలను ఏం చేశాయో ఈ రాష్ట్రంలో చూడని ఇల్లు లేదు. అందుకే పిల్లల పేరు మీద అంకె కట్టను, ఎవరెంత అడిగినా కట్టను. జట్టుకే కడతాను, ఆ జాబితా పేపరుకు ఇవ్వను. కృష్ణమూర్తి దీనికీ ఒప్పుకునేవారు కాదేమో. అయినా ఆటలో సమ ఉజ్జీని వెతకడం తప్పని నాకు తోచదు. నలభై పాయింట్లతో గెలిచినవాడికీ ఓడినవాడికీ ఆ గంటలో ఆట దక్కలేదు. రెండు పాయింట్ల మ్యాచ్‌లో ఇద్దరికీ దక్కుతుంది.

రేటింగును నేను ఆ పనికే వాడమంటున్నాను. చిట్టీలు వేసి డ్రా తీస్తే రెండు గట్టి జట్లు మొదటి రౌండులోనే తగలవచ్చు, ఒకటి పొద్దున్నే ఇంటికి పోతుంది. నాలుగు గట్టి జట్లను నాలుగు వైపులా ఉంచి మిగతావాటికి చిట్టీలు వేస్తే సరి. మొదటి మ్యాచ్ ఓడిన జట్లను, రేటింగులో దగ్గరున్నవాటితో జతకట్టి సాయంకాలం దాకా ఇంకో రెండు మ్యాచ్‌లు ఆడించవచ్చు. కప్పుతో సంబంధం లేదు, నేల అక్కడే ఉంది, రెఫరీలు అక్కడే ఉన్నారు. అడగాల్సింది వాళ్లు ఇంకో రెండు గంటలు ఉండగలరా అన్నదే. ఇక పుంగనూరు, మదనపల్లె మధ్య ఆదివారం పూట ఒక స్నేహపూర్వక మ్యాచ్ జరిగితే రెండు వైపుల స్కోర్లూ ఒకే గొలుసులోకి వస్తాయి. రెండు జరిగితే ఇంకా మేలు, ఒకదాని పొరపాటును ఇంకొకటి సరిచేస్తుంది.

ఈ సీజను పోటీలకు వెళ్లే సార్లకూ, పిల్లల వెంట వెళ్లే తల్లిదండ్రులకూ ఒక మనవి. గెలిచిన జట్టు పేరు ఒక్కటీ రాసుకుని రావద్దు. రెండు జట్ల పాయింట్లు, తేదీ, ఆడింది మట్టి మీదా మ్యాట్ మీదా అన్నది కూడా రాయండి. మొదటి రౌండులో ఓడిన జట్ల స్కోర్లు తప్పకుండా రాయండి, నా దగ్గర అవే తక్కువ.