చొప్ప లేని పందిరి

అమ్మా, బీదరు నేలా! ఎర్రమట్టి గడపలూ నల్లరేగడి గర్భాలూ గల తల్లీ! మార్గశిరం తన మంచుకొంగు దులుపుకుని వెళ్లిపోయే వేళ, ఎళ్ల అమావాస్య నాడు, నీకు సీమంతం చేస్తారు నీ బిడ్డలు. సంక్రాంతికి లోకం ఇల్లు చేరిన గింజకు మొక్కుతుంది. నీవాళ్లు ఇంకా నీ కడుపులో ఉన్న గింజకు మొక్కుతారు. వానలు వెనుదిరిగాక విత్తిన జొన్న, రేగడి దాచిన తేమనే తాగి, మంచుబొట్టునే నంజుకుని, సరిగ్గా ఈ రోజులకే కంకి వేసి పాలు పోసుకుంటుంది. కందికాయ బరువెక్కుతుంది. శనగ కాయ పడుతుంది. ఈ పండుగకు ముహూర్తం పెట్టింది నీ కడుపే తల్లీ!

ఎంత సంబరం నీకు! చేని నడుమ జొన్నచొప్పతో పందిరి. దాని నీడలో సున్నం పూసుకుని కొలువుదీరిన అయిదు రాళ్లు, అయిదుగురు పాండవులు. ఇల్లాలి తలమీద అంబలి కుండ. గంపలో సజ్జరొట్టెలు, నువ్వులద్దిన జొన్నరొట్టెలు, పల్లీల హోళిగలు. అన్నిటి నడుమ మహారాణి, భజ్జి కూర! పచ్చిశనగ, కంది, అనప, బఠాణీ, వేరుశనగ, మెంతి... నీ ఒడిలో ఏమేం పండాయో ఆ గిన్నె ఒక్కటే లెక్క చెప్పేది. పూజ ముగిశాక చరగ. నైవేద్యాన్ని గట్లవెంట చల్లుతూ, కేకలు పెడుతూ చేను చుట్టిరావడం. పిట్టకింత, పురుగుకింత, నీకింత. దారిన పోయేవాడిది ఏ కులమైనా, ఏ మతమైనా కూర్చుని తిని పోవలసిందే.

1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రాన్ని పంచుకున్నప్పుడు నీ ఒంటినీ పంచుకున్నారు. బీదరు, భాల్కి, ఔరాద్, హుమ్నాబాద్ మైసూరుకు. జహీరాబాదు, నారాయణఖేడ్ ఆంధ్రప్రదేశ్‌కు. ఉద్గీర్, నిలంగా బొంబాయికి. బడులు విడిపోయాయి, కచేరీలు విడిపోయాయి. అమావాస్య విడిపోలేదు. కన్నడం, మరాఠీ, తెలుగు అనే మూడు గొంతులై నీ చేల చుట్టూ తిరిగింది.

గీతలకు చెదరని నిన్ను గింజే చెదరగొట్టింది కదమ్మా! సోయా వచ్చింది. తొలకరికి మొలిచి, అక్టోబరుకల్లా కోతై, లారీ ఎక్కి వెళ్లిపోయింది. నీళ్లున్న చోటల్లా చెరకు పాతుకుంది. అమావాస్య నాటికి ఉంటే మోళ్లు, లేకుంటే ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఒంటరి శనగ. పాండవుల పందిరికి చొప్పకట్ట అడిగి తెచ్చుకునే ఇళ్లున్నాయి. భజ్జిలోకి కాయలు బజారులో కిలోల లెక్కన తూగుతున్నాయి. సారె నిండుగానే ఉంది. అయ్యో, చూలే లేదు!

రైతును నిందించనా? నోరు రాదు. రబీ జొన్నను నడుం వంచి వేళ్లతో సహా పీకాలి, కూలి గిట్టదు. పిట్టలు తోలే పిల్లలు బడికి వెళ్లారు, వెళ్లాలి కూడా. చొప్ప మేసే ఎడ్లను ట్రాక్టరు సంతకు తోలింది. 2023ను ప్రపంచమంతా చిరుధాన్యాల ఏడాదిగా జరుపుకుంది. వేదికల మీద జొన్నకు దండలు పడ్డాయి, మడిలో జొన్న వెనకబడే ఉంది.

నువ్వు గొడ్డుపోలేదని నాకు తెలుసు. జహీరాబాదు వైపు, ఒకప్పటి నీ ఒంటి ముక్కమీదే, దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దళిత మహిళా రైతులు ఒక్క మడిలో పదికి పైగా పంటలు నిలుపుతున్నారు. ఏటా సంక్రాంతికి ఎడ్లబండ్ల మీద పాత విత్తనాలను ఊరేగిస్తూ ఊరూరా తిరుగుతున్నారు. మోయగల కడుపు నీకుంది. మోయించగల ధర మా దగ్గర లేదు.

అందుకే నా ఏడుపు నా మీదే తల్లీ! ఆ ఒక్కరోజు కార్లలో దిగి, నీ గట్టుమీద కూర్చుని, అంబలి తాగి, ఆహా అని తిరిగి పట్నం చేరే నా వంటివాళ్ల మీదే. ఏడాది పొడుగునా నీ జొన్నకు కూలి గిట్టే ధర ఇవ్వని నోటికి, అమావాస్య నాడు నీ భజ్జి ముద్ద తినే అర్హత లేదు.