రెండు వానల నడుమ పూలగడ్డలు

తిరుపతిలో తులిప్ పూయదు. మూడు నాలుగు నెలలు గట్టి చలి తగిలితే గానీ ఆ గడ్డలోని మొగ్గ కదలదు. అందుకే శ్రీనగర్‌లో దాల్ సరస్సు ఒడ్డున మార్చి, ఏప్రిల్ నెలల్లో లక్షల్లో విచ్చుకుంటుంది. మన పుష్యమాసపు చలి దానికి ఏ మూలకూ చాలదు. "అక్కా, ఫ్రిజ్‌లో పెట్టి నాటితే వస్తుందంట కదా?" అని మా వీధి అమ్మాయి అడిగింది. వస్తే ఒక్కసారి వస్తుందమ్మా, మరుసటేడు ఆ గడ్డ నిలవదు. పెరట్లో ఏడాది పొడుగునా రంగు కావాలంటే మన ఎండకు నిద్రపోయి, మన వానకు లేచే గడ్డలనే నమ్ముకోవాలి.

అలాంటివి తక్కువేం లేవు. నేల నెర్రెలిచ్చే మే నెలలో ఫుట్‌బాల్ లిల్లీ లేస్తుంది. ఆకు ఇంకా విప్పుకోకముందే కాడ పైకొచ్చి, తలమీద ఎర్రటి బంతిని నిలబెడుతుంది. దగ్గరికి వెళ్లి చూస్తే ఆ బంతి ఒక్క పువ్వు కాదు, పదుల కొద్దీ సన్నపూలు. గడ్డకు ఏడాదికి ఒక్కటే బంతి. ముంగారు వాన ఒకటి గట్టిగా పడితే, నాలుగైదు రోజులకల్లా వాన లిల్లీలు గులాబీ, తెలుపు, పసుపు రంగుల్లో బారులు తీరుతాయి. పైపుతో ఎన్ని నీళ్లు పెట్టినా ఆ జోరు రాదు.

ఆ తర్వాత అడవినాభి. శేషాచలం కొండల్లో పొదల మీదికి ఎగబాకే తీగ ఇది. ఆకు కొస మెలితిరిగి పక్క కొమ్మను పట్టుకుంటుంది. పువ్వు పచ్చగా మొదలై, పసుపై, చివరికి నిప్పురంగుకు తిరుగుతుంది. గడ్డ నాగలి ఆకారంలో రెండు కొమ్ములుగా ఉంటుంది, మొలక వచ్చేది కొమ్ము కొసనుంచే. కొస విరిగిన కొమ్మును నాటి లాభం లేదు. అడవిలో తవ్వకండి, నర్సరీలో కొనండి. మొక్కంతా విషం, గడ్డ మరీ విషం. గెనుసుగడ్డ అనుకుని తిని ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లున్నారు. ఇంట్లో పసిపిల్లలుంటే నేనైతే దీని జోలికి పోవద్దంటాను.

వాసన కోసం నేలసంపెంగ, అదే మన పూలంగళ్లలో లిల్లీ. బెంగళూరు దగ్గర హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థ తెచ్చిన రకాల్లో పెరటికి నా ఓటు ప్రజ్వల్‌కే. ఒంటి రేకల పువ్వు, మొగ్గ మీద లేత గులాబీ ఛాయ. సువాసిని ముద్దపువ్వు, కుండీలో చూడ్డానికి బాగుంటుంది.

మన జిల్లాలో గడ్డలకు అసలు పరీక్ష నవంబరు. కోస్తాలో చాలాచోట్ల వానలు తగ్గుముఖం పట్టే వేళకు మనకు ఈశాన్య రుతుపవనాలు దంచుతాయి. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులై పారింది అందరికీ గుర్తే. గడ్డను ఎండ చంపదు, నిలవనీరు కుళ్లబెడుతుంది. మడిని అర అడుగు ఎత్తు చేసి, ఎర్రమట్టిలో ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు కలపాలి. కొనేటప్పుడు గడ్డ అడుగును బొటనవేలితో నొక్కి చూడండి. మెత్తగా దిగితే ఎంత చవకైనా వద్దు.

ఆ వానలు వెనకబట్టాక గ్లాడియోలస్ నాటితే శివరాత్రి దరిదాపుల్లో పూస్తుంది. పూత అయ్యాక తవ్వితే పాత గడ్డ ఎండి చెక్కై ఉంటుంది, దాని నెత్తిన కొత్త గడ్డ కూర్చుని ఉంటుంది. మదనపల్లె, పలమనేరు వైపు చలి కాస్త ఎక్కువ గనుక వాళ్లు డేలియా కూడా పెట్టుకోవచ్చు. అమరిల్లిస్‌కు డిసెంబరు, జనవరిలో నీళ్లు ఆపి, ఫిబ్రవరిలో మళ్లీ మొదలుపెడితే ఎండలు ముదిరేలోగా పెద్ద పెద్ద పూలిస్తుంది. మధ్యలో ఖాళీ ఏదైనా మిగిలితే మెట్టతామర ఉండనే ఉంది.

ఆకు ఎండిపోగానే గడ్డ చచ్చిందని పీకేయకండి. అది నిద్రపోతున్న చోట ఒక పుల్ల గుచ్చి పెట్టండి, పారతో తవ్వేటప్పుడు తెగకుండా ఉంటుంది.