పాఠములోని మెండెల్, వ్యాసములోని మెండెల్

అనువంశికతను గూర్చి ఉన్నత పాఠశాలలలో చెప్పు పాఠము సాధారణముగా బఠానీ మొక్కతో ఆరంభమై నాలుగు గడుల పట్టికతో ముగియును. పొడవు మొక్కను పొట్టి మొక్కతో సంకరపరచగా మొదటి తరమున అన్నియు పొడవే. రెండవ తరమున మూడు పొడవు, ఒకటి పొట్టి. దానిపై మూడు సూత్రములు, వాని పేర్లు. విద్యార్థి దీని నంతను ఒక సాయంకాలమున కంఠస్థము చేయగలడు, పరీక్షలో మార్కులును తెచ్చుకొనగలడు.

ఇంత సుళువుగా నోటికి వచ్చు పాఠమును విమర్శింపనేల యని కొందరు అడుగవచ్చును. ఆ పాఠములోని మాటలు చాలవరకు అబద్ధములు కావు. కాని అందు విడిచిపెట్టిన మాటలలోనే మెండెల్ చేసిన అసలు పని యున్నది. అట్లు విడుచుటవలన కలుగు నష్టము తరగతి గదిలో ఆగిపోవుట లేదు. అది పెద్దవారి సంసారములలోనికి కూడ పోవుచున్నది. కావున మెండెల్ స్వయముగా వ్రాసిన వ్యాసమును ప్రక్కన పెట్టుకొని మన పాఠమును ఒకసారి పరిశీలింతము.

మెండెల్ బ్రున్ నగరమందలి ఒక మఠములో సన్న్యాసి. ఆ నగరము నేడు చెక్ దేశములో బర్నో అను పేర నున్నది. ఆయన మొదట 34 రకముల బఠానీ గింజలను తెప్పించి, రెండు సంవత్సరములు పరీక్షించి, వానిలో 22 రకములను ఎన్నుకొనెను. తరువాత ఎనిమిది సంవత్సరములు ప్రయోగములు చేసి, 1865 ఫిబ్రవరి 8వ తేదీన, మార్చి 8వ తేదీన ఆ ఊరి ప్రకృతిశాస్త్ర సంఘము ఎదుట తన ఫలితములను చదివెను. అవి 1866లో అచ్చైనవి.

లెక్కలు పోయి నిష్పత్తి మిగిలినది

మన పాఠములోని మొదటి లోపము లెక్కలను తీసివైచి నిష్పత్తిని మాత్రము మిగుల్చుట. మెండెల్ వ్యాసములో 3 : 1 అనునది పైనుండి దిగివచ్చిన సూత్రము కాదు, అది లెక్కించగా తేలిన మాట. రెండవ తరమున 7,324 గింజలను చూడగా 5,474 గుండ్రనివి, 1,850 ముడుతలు పడినవి. మరొక ప్రయోగమున 8,023 గింజలలో 6,022 పసుపుపచ్చనివి, 2,001 ఆకుపచ్చనివి. వీనిలో ఏ ఒక్కటియు సరిగా 3 : 1 కాదు, అన్నియు దానికి దగ్గరగా నున్నవి.

ఇంతకంటె ముఖ్యమైన మాట ఒకటి కలదు. మెండెల్ ఒక్కొక్క మొక్కకు వచ్చిన లెక్కలను కూడ కొన్నింటిని ప్రకటించెను. ఒక మొక్కకు 43 గుండ్రని గింజలు, రెండే ముడుత గింజలు. మరొక మొక్కకు 14 గుండ్రనివి, 15 ముడుతవి! ఈ రెండును ఒకే విధమైన సంకరపు మొక్కలు. మొత్తము వేలలోనికి పోయినప్పుడు మాత్రమే నిష్పత్తి నిలిచినది. ఆయన ఈ వికృతమైన అంకెలను దాచలేదు. చిన్న లెక్క ఎంత మోసగింపగలదో పాఠకునికి తెలియవలెనని చూపెను.

మన నాలుగు గడుల పట్టికలో ఈ సంగతి ఎక్కడను కానరాదు. నాలుగు గడులను చూచిన బాలుడు నలుగురు సంతానములో సరిగా ఒకరికి అంతర్గత లక్షణము వచ్చునని తలంచును. ఇది బఠానీలతో పోయినచో చింతలేదు. కాని కొడవలి కణ రక్తహీనతను తీసికొందము. ఆంధ్ర, తెలంగాణ ప్రాంతముల ఏజెన్సీలలో ఈ జన్యువు గల కుటుంబములు కలవు. తల్లియు తండ్రియు ఇద్దరును వ్యాధి లేకుండ జన్యువును మాత్రము మోయువారైనచో, పుట్టు ప్రతి బిడ్డకును వ్యాధి వచ్చు అవకాశము నాలుగింట ఒక వంతు. మొదటి బిడ్డకు వ్యాధి వచ్చినదని, ఇక ముగ్గురు బిడ్డలు క్షేమమని అనుకొనుటకు వీలులేదు. రెండవ బిడ్డకును అదే నాలుగింట ఒక వంతు. మూడవ బిడ్డకును అంతే. నలుగురేసి బిడ్డలు గల అట్టి కుటుంబములు నూరు తీసికొన్నచో, సంభావ్యత లెక్క ప్రకారము సుమారు 32 కుటుంబములలో ఒక్కరికైనను వ్యాధి రాదు. 42 కుటుంబములలో సరిగా ఒకరికి వచ్చును. తక్కిన 26 కుటుంబములలో ఇద్దరికిగాని అంతకెక్కువమందికిగాని వచ్చును. పట్టికను చూచి నేర్చిన దానికిని దీనికిని ఎంత భేదము! ఈ తప్పు తలంపుతో పెద్దవాడైన విద్యార్థి రేపు తన కుటుంబమును గూర్చి నిశ్చయించుకొనునప్పుడు మన పాఠమే ఆతనికి కీడు చేసినదగును.

మూడవ తరము ఏమైనది?

రెండవ లోపము ఇంకను పెద్దది. పాఠము రెండవ తరముతో ఆగిపోవును, మెండెల్ ఆగలేదు. 3 : 1 అనునది కంటికి కనబడు లెక్క. ఆ మూడింటిలో ఒకటి శుద్ధమైనదనియు, రెండు లోపల అంతర్గత లక్షణమును దాచుకొన్నవనియు మెండెల్ ఊహించెను. ఊహ నిజమగునో కాదో తెలియుటకు ఒకటే మార్గము: ఆ గింజలను మరల నాటి, వాని సంతానమును చూచుట. గుండ్రని గింజల నుండి పెరిగిన 565 మొక్కలలో 193 గుండ్రని గింజలనే ఇచ్చినవి. 372 రెండు విధముల గింజలను ఇచ్చినవి. అనగా సుమారు ఒకటికి రెండు. 3 : 1 క్రింద 1 : 2 : 1 దాగియున్నదని ఇట్లు తేలినది. ఊహించుట, ఆ ఊహ తప్పైనచో బయటపడునట్టి పరీక్ష పెట్టుట, పిమ్మట లెక్కించుట: శాస్త్రపద్ధతి యనగా ఇదియే. దీనిని విడిచి మిగిలినదంతయు చెప్పుట పెండ్లికుమారుని విడిచి పెండ్లివారినందరిని పిలిచినట్లున్నది.

ఈ మూడవ తరము దగ్గరనే మెండెల్‌పై గట్టి విమర్శ కూడ వచ్చినది. విద్యార్థులకు దానిని దాచనక్కరలేదు. గింజల లక్షణములు కాక తక్కిన ఐదు లక్షణములలో ఒక్కొక్క మొక్కను పరీక్షించుటకు మెండెల్ పదేసి గింజలను నాటినట్లు వ్రాసెను. సంకరపు మొక్క నుండి తీసిన పది గింజలును బహిర్గత లక్షణమునే చూపు అవకాశము నూటికి సుమారు 5.6. అట్టి మొక్క పొరపాటున శుద్ధమైన వానిలో చేరిపోవును. కావున ఈ పరీక్షలలోని 600 మొక్కలలో శుద్ధమైనవిగా కనబడవలసినవి సుమారు 222. మెండెల్ లెక్కలో ఉన్నవి 201. అనగా ఫలితము నిజముగా రావలసిన అంకెకంటె సిద్ధాంతము కోరిన 200 అను అంకెకే దగ్గరగా నున్నది! 1936లో ఫిషర్ అను గణాంకశాస్త్రజ్ఞుడు ఈ సంగతిని ఎత్తిచూపెను. ఆయన మెండెల్‌ను మోసగాడనలేదు; ఏ ఫలితము కావలెనో తెలిసిన సహాయకుడెవరైన అట్లు చేసియుండవచ్చునని తలంచెను. పదికంటె ఎక్కువ గింజలు నాటియుండవచ్చునని తరువాతివారు కొందరు వాదించిరి.

మెండెల్ వ్యాసములోనే ఒక జాడ కలదు. కాయ రంగు పరీక్షలో నూరు మొక్కలకు 60 : 40 వచ్చెను. ఇది మిక్కిలి ప్రక్కకు తప్పినదని ఆయన ఆ పరీక్షను మరల చేయగా 65 : 35 వచ్చినది. రెండు ఫలితములను దాచక ప్రకటించుట నిజాయితీ. కాని నచ్చని ఫలితమును మాత్రమే మరల పరీక్షించి, నచ్చిన దానిని అట్లే ఉంచుట పక్షపాతమునకు త్రోవ. ఈ రెండును ఒకే మనిషిలో ఉండవచ్చునని తెలిసికొనుట విద్యార్థికి సూత్రముల పేర్లకంటె మేలు చేయును. మెండెల్ సిద్ధాంతము మాత్రము ఈ విమర్శవలన చెడలేదు. 1900 తరువాత ఎందరో వేరువేరు మొక్కలతోను జంతువులతోను ఆ ప్రయోగములను చేసి దానిని స్థిరపరచిరి.

బహిర్గతత్వము సూత్రమా?

మూడవ లోపము, బహిర్గతత్వమును ఒక ప్రకృతి సూత్రముగా నిలుపుట. మెండెల్ ఆ పదమును వాడెను గాని, అది సర్వత్ర వర్తించునని చెప్పలేదు. పూతకు వచ్చు కాలము సంకరములలో తల్లిదండ్రుల కాలములకు నడుమ నుండునని ఆయనయే వ్రాసెను. ఒక అడుగు, ఆరు అడుగుల మొక్కలను సంకరపరచగా పుట్టినవి ఆరు నుండి ఏడున్నర అడుగులవరకు పెరిగినవనియు వ్రాసెను.

నేటి విజ్ఞానము దీనిని ఇంకను స్పష్టపరచినది. గింజ ముడుత పడుటకు కారణమైన జన్యువును 1990లో గుర్తించిరి. పిండిపదార్థపు అణువులలో కొమ్మలు ఏర్పరచు ఒక ఎంజైమునకు ఆ జన్యువు మూలము. దానిలో సుమారు 800 జతల క్షారములు గల డి.ఎన్‌.ఏ. ముక్క ఒకటి చొరబడినందున ఎంజైము చెడును. పిండి తగ్గి చక్కెర పెరుగును. పచ్చి గింజ నీటిని ఎక్కువగా పీల్చుకొని, ఎండినప్పుడు ముడుతపడును. సంకరపు గింజలో మంచి జన్యువు ఒక్కటే యున్నను గింజ గుండ్రముగా నుండుటకు అది చాలును. కాని సూక్ష్మదర్శినిలో ఆ గింజ పిండిరేణువులను చూచినచో అవి రెంటికి నడుమ రూపములో నుండును. కంటికి బహిర్గతమైనది సూక్ష్మదర్శినికి మధ్యస్థము! కావున బహిర్గతత్వము జన్యువునకు పుట్టుకతో వచ్చిన బలము కాదు. మనము ఏ మెట్టున నిలిచి చూచుచున్నామో దానిని బట్టి యుండును.

ఏడు లక్షణములు, ఏడు క్రోమోజోములు

మెండెల్ కాలమున క్రోమోజోము అను పేరే లేదు. అది 1888లో పుట్టినది. 1902, 1903 సంవత్సరములలో సటన్, బొవేరీ అను వారు బీజకణములు ఏర్పడునప్పుడు క్రోమోజోముల జతలు విడిపోవు తీరును మెండెల్ కారకముల నడకతో పోల్చి, రెండును ఒక్కటే యనిరి. ఇంతవరకు మన పాఠము సరిగనే చెప్పును. కాని బఠానీకి ఏడు జతల క్రోమోజోములు, మెండెల్ ఎన్నుకొన్నవి ఏడు లక్షణములు. ఒక్కొక్కటి ఒక్కొక్క జతపై నుండుట ఆయన అదృష్టమని ఒక కథ బోధనలో వ్యాపించియున్నది. ఇది నిజము కాదు. గింజ ఆకారపు జన్యువును కాయ రంగు జన్యువును ఒకే క్రోమోజోముపై నున్నవి. అయినను అవి దూరముగా నుండుటచేత, బీజకణములు ఏర్పడునప్పుడు జత క్రోమోజోములు ముక్కలను మార్చుకొనుటవలన, అవి దాదాపు స్వతంత్రముగనే పంచబడును. దగ్గరగా నున్న జన్యువులు అట్లు విడిపోవు. దీనిని 1905లోనే బేట్సన్, సాండర్స్, పన్నెట్ తీపి బఠానీ పూలలో చూచిరి. విడిపోవు తరచుదనమును బట్టి 1913లో స్టర్టివెంట్ ఈగ క్రోమోజోమునకు తొలి పటమును గీసెను. అనగా స్వతంత్ర వ్యూహన సూత్రము ఎక్కడ భంగమైనదో అక్కడనే కొత్త విజ్ఞానము పుట్టినది. సూత్రమును చెప్పి భంగమును చెప్పకుండుటచేత ఈ కథలోని రసవత్తరమైన ఘట్టము పోవుచున్నది.

ఒక లక్షణమునకు ఒక జన్యువా?

చివరి లోపము, మనుష్యులకు సంబంధించినది. బఠానీలో ఏడు లక్షణములు ఒక్కొక్క జన్యువుచేత నడచినవి గనుక మనిషిలోను అన్నియు అట్లేనని విద్యార్థి అనుకొనును. నాలుకను గొట్టమువలె చుట్టుట అనుదానిని తరగతిలో తరచుగా ఉదాహరణముగా చూపుదురు. స్టర్టివెంటే దీనిని 1940లో వెల్లడించెను. కాని 1952లో సమరూప కవలలను పరీక్షింపగా, కొన్ని జతలలో ఒకరు చుట్టగలిగి రెండవవారు చుట్టలేకపోయిరి. ఒకే జన్యుసంపద గలవారిలో ఇట్లు జరిగినదన్న అది ఒక్క జన్యువు పని కాదు. స్టర్టివెంట్ 1965లో తన మాటను ఉపసంహరించుకొనెను. అయినను ఆ ఉదాహరణము తరగతులను విడువలేదు. తండ్రి నాలుకను తన నాలుకతో పోల్చుకొని బాలుడు సందేహపడు పరిస్థితి మనము కల్పింపరాదు.

చర్మపు రంగు, ఎత్తు మొదలైనవి అనేక జన్యువులచేతను, తిండి మొదలగు పరిస్థితులచేతను నిర్ణయింపబడునవి. దీనికిని మెండెల్ వ్యాసములోనే బీజము కలదు. చిక్కుడు జాతి మొక్కలలో ఎర్రని ఊదా పూలవానిని తెల్లపూలవానితో సంకరపరచగా రెండవ తరమున ఊదా మొదలు లేతరంగు వరకు అనేక వర్ణములు వచ్చినవి. తెల్లపూలది 31 మొక్కలలో ఒక్కటే. ఆ రంగు రెండు లేక అంతకెక్కువ స్వతంత్ర రంగుల కలయిక యగునని ఆయన సూచించెను.

ఉపాధ్యాయులు ఏమి చేయవచ్చును?

పాఠ్యగ్రంథము మారువరకు వేచియుండనక్కరలేదు. నాలుగు గడుల పట్టిక వేయుటకు ముందు ప్రతి విద్యార్థిచేతను రెండు నాణెములను కలిపి నాలుగు పర్యాయములు ఎగురవేయింపుడు. రెండును బొరుసు పడినప్పుడు అంతర్గత లక్షణముగా లెక్కింపుడు. కొందరికి ఒక్కటియు రాదు, కొందరికి రెండు వచ్చును. తరువాత తరగతి మొత్తము లెక్కను నల్లబల్లపై కూడి చూపుడు. అప్పుడు నాలుగింట ఒక వంతు దగ్గరపడును. దీనికి ఒక పీరియడు చాలును, ఖర్చు లేదు. పిమ్మట మెండెల్ లెక్కలను యథాతథముగా వ్రాసి, 14 : 15 వచ్చిన మొక్కను గూర్చి ప్రశ్నింపుడు. మూడవ తరమును చెప్పక పాఠమును ముగింపకుడు.

ఏడు లక్షణములలో మిగిలిన మూడింటి జన్యువులను 2025లో గాని గుర్తింపలేదు. ఒక తోటలో ఆరంభమైన పని పూర్తియగుటకు నూట యరువది సంవత్సరములు దాటినవి. అట్టి పనిని పరీక్ష మరునాడు మరచిపోవు మూడు వాక్యములుగా కుదించి చెప్పుట న్యాయము కాదు. మెండెల్ లెక్కించెను, మన విద్యార్థులను కూడ లెక్కింపనిత్తము.