గీత లోపలి కాపలా

బాస్కెట్‌బాల్ కోర్టు మీద గీసిన గీతలన్నీ అందరికీ కనిపిస్తాయి. యూనివర్సిటీ ఆఫ్ వర్జీనియా జట్టు పదిహేనేళ్లపాటు కాపలా కాసిన గీత మాత్రం కంటికి కనిపించదు. త్రీ పాయింట్ గీతకు లోపలగా, రింగుకు సుమారు 16 అడుగుల దూరంలో, ఆటగాళ్లు దాన్ని మనసులోనే గీసుకోవాలి. దాని పేరు ప్యాక్ లైన్. కుదేలైన ఒక కాలేజీ జట్టు ఆ గీతను పట్టుకుని జాతీయ విజేత దాకా ఎదిగింది. ఆ పనితనాన్ని దగ్గరగా చూడటమే ఈ వ్యాసం ఉద్దేశం.

నియమం చెప్పడం తేలిక. బంతి ఉన్న ఆటగాడిని నిలదీయడానికి ఒక్కడే గీత దాటి బయటకు వెళ్తాడు. మిగతా నలుగురూ లోపలే ఉంటారు. చాలా జట్లు ప్రత్యర్థుల మధ్య పాస్‌లు సాగకుండా దారులు మూయాలని చూస్తాయి. ప్యాక్ లైన్ ఆ పాస్‌లను సాగనిస్తుంది. బయట ఎంతసేపైనా బంతి మార్చుకోనిస్తుంది, రింగు దగ్గరికి మాత్రం తోవ ఇవ్వదు. డ్రిబుల్ చేస్తూ దూసుకొచ్చేవాడు తన ఎదుటివాణ్ణి దాటగానే పక్కవాడి భుజం అడ్డొస్తుంది, అదీ దాటితే ఇంకొకడి ఛాతీ. కబడ్డీలో రైడర్ ఒకడి చేయి విడిపించుకుని, వెంటనే ఇద్దరు కట్టిన గొలుసులో చిక్కుకోవడం మనం చూస్తుంటాం కదా, అచ్చంగా అలాగే.

అసలు పనితనం కాళ్లలో ఉంది. లోపల సాయానికి నిలబడ్డవాడు కాయాల్సిన మనిషికి బయట పాస్ వెళ్లిందనుకోండి. బంతి అతని చేతికి అందాక కదిలితే ఆలస్యమైపోయినట్టే. బంతి గాల్లో ఉండగానే ఐదుగురూ కదలాలి. బయటకు పరుగెత్తేవాడు మొదట పెద్ద అంగలు వేస్తాడు, దగ్గరికి రాగానే అడుగులు చిన్నవై, చేతులు పైకి లేస్తాయి. షాట్ వేయనివ్వకూడదు, అలాగని తన వేగంలో తానే కొట్టుకుపోయి పక్కనుంచి దారి వదలకూడదు. రెండు అంగల్లో తేల్చాల్సిన లెక్క అది. ఈలోగా వెనక ఖాళీ అయిన చోటును మరొకడు నింపుతాడు. రింగు దగ్గర ప్రత్యర్థి పొడగరికి బంతి అందితే, అవతలి వైపు నుంచి మన రెండో పొడగరి వచ్చి ఇద్దరూ కలిసి మూసేస్తారు. ఇక తమ షాట్ తప్పినప్పుడు రీబౌండ్ కోసం అందరూ ఎగబడరు. ఎక్కువమంది వెనక్కి పరుగెత్తి కంచె కట్టేస్తారు. ఇదంతా ప్రత్యర్థి ప్రతి దాడిలోనూ, 40 నిమిషాలపాటూ జరగాలి. ఒక్కడు ఒక్కసారి బద్ధకించినా ఐదుగురి శ్రమా వృథా.

ఈ పద్ధతికి రూపం ఇచ్చినవారు విస్కాన్సిన్ రాష్ట్రానికి చెందిన కోచ్ డిక్ బెనెట్. ఆయన కొడుకు టోనీ బెనెట్ 2009లో వర్జీనియా జట్టు పగ్గాలు పట్టుకున్నారు. అంతకు ముందు సీజన్‌లో ఆ జట్టు 10 మ్యాచ్‌లు గెలిచి 18 ఓడింది. ఆ యూనివర్సిటీ ఉన్న షార్లెట్స్‌విల్‌లో ఆటను ప్రాణంగా చూసే అభిమానులు ఉన్నారు, కొత్త స్టేడియం ఉంది. 1980ల తొలినాళ్లలో 7 అడుగుల 4 అంగుళాల రాల్ఫ్ శాంప్సన్ ఆడిన రోజుల జ్ఞాపకం ఉంది. లేనిదల్లా జట్టే. బెనెట్ తండ్రి దగ్గర నేర్చుకున్న రక్షణతోపాటు ఐదు మాటలు కూడా తెచ్చారు: వినయం, తపన, ఐక్యత, సేవాభావం, కృతజ్ఞత. గోడ మీద రాసి పెట్టుకునే మాటల్లా అనిపిస్తాయి కానీ, ప్యాక్ లైన్‌ను ఒకసారి శ్రద్ధగా చూస్తే అవి కోర్టు మీదే కనిపిస్తాయి. పక్కవాడి మనిషిని ఆపడానికి తన మనిషిని వదిలి వెళ్లడం సేవాభావం. తన వెనక మరొకడు వస్తాడని నమ్మి వెళ్లడం ఐక్యత.

పని ఒక్కరోజులో కాలేదు. మొదటి సీజన్ 15 గెలుపులు, 16 ఓటములతో ముగిసింది. మరుసటి ఏడు ఆరుగురు కుర్రాళ్లు ఒకేసారి చేరారు. జట్టు రాత మారుస్తారని అభిమానులు వాళ్ల మీదే ఆశలు పెట్టుకున్నారు. ఆ ఆరుగురిలో నలుగురు మధ్యలోనే వేరే కాలేజీలకు వెళ్లిపోయారు. మిగిలింది జో హారిస్, అకీల్ మిచెల్. ఆ ఇద్దరూ నాలుగేళ్లు నిలబడ్డారు. తర్వాత వచ్చిన మాల్కమ్ బ్రాగ్డన్ కాలి గాయంతో ఒక సీజన్ మొత్తం పోగొట్టుకుని మరీ తిరిగొచ్చాడు. 2014లో వీళ్లంతా కలిసి 30 మ్యాచ్‌లు గెలిచి, ఫైనల్లో డ్యూక్‌ను ఓడించి ఏసీసీ అనే తమ లీగ్ టోర్నమెంట్ కప్పు అందుకున్నారు. వర్జీనియాకు ఆ కప్పు దక్కడం 1976 తర్వాత అదే మొదటిసారి. ఎదురుచూపుకు ఫలం ఉంటుందని ఆ ఊరికి చూపించిన రోజది.

ఏ పనితనానికైనా బలహీనమైన చోటు ఒకటి ఉంటుంది. బయటి పాస్‌లను సాగనిచ్చే రక్షణను, దూరం నుంచి గురి తప్పకుండా వేసే జట్టు ఛేదించగలదు. 2018 మార్చి 16న షార్లట్ నగరంలో జరిగింది అదే. జాతీయ విజేతను తేల్చే ఎన్‌సీఏఏ పురుషుల టోర్నమెంట్‌లో ఒకటో సీడు జట్టు పదహారో సీడుతో మొదట తలపడుతుంది. 1985 నుంచి అప్పటిదాకా జరిగిన 135 మ్యాచ్‌ల్లోనూ ఒకటో సీడే గెలిచింది. ఆ రాత్రి పదహారో సీడుగా వచ్చిన యూఎంబీసీ అనే చిన్న జట్టు ఒకటో సీడైన వర్జీనియాను 74-54తో ఓడించింది. సగం ఆటకు 21-21తో సమంగా ఉన్న మ్యాచ్‌లో, రెండో సగంలో ఏకంగా 53 పాయింట్లు ఇచ్చుకున్నారు. యూఎంబీసీ ఆటగాడు జైరస్ లైల్స్ ఒక్కడే 28 వేశాడు. మణికట్టు విరిగి బయట కూర్చున్న డిఆండ్రె హంటర్ లేని లోటు తెలిసింది. అయినా ఓటమి ఓటమే. మరునాటి నుంచి దేశమంతా వాళ్లను ఆ ఒక్క మ్యాచ్‌తోనే గుర్తుపట్టింది.

బెనెట్ గీతను చెరపలేదు. అదే కోచ్, అదే రక్షణ, చాలావరకు అవే ముఖాలు. 2019లో మళ్లీ ఒకటో సీడుగా వచ్చారు. మొదటి మ్యాచ్‌లో పదహారో సీడు చేతిలోనే 14 పాయింట్లు వెనకబడ్డారు. ఆ కొద్ది నిమిషాలు అభిమానుల గుండెలు ఎలా కొట్టుకున్నాయో ఊహించుకోవచ్చు. తేరుకుని గెలిచారు. తర్వాత పర్డ్యూతో మ్యాచ్ చివరి క్షణాల్లో మమాడి డియాకిటే తట్టిన బంతి తమ సగంలోకి దొర్లిపోతే, 5 అడుగుల 9 అంగుళాల కిహై క్లార్క్ పరుగెత్తి అందుకున్నాడు. తొందరపడి తానే విసరకుండా, అంత దూరం నుంచి డియాకిటేకే పాస్ ఇచ్చాడు. బెల్లుతోపాటు బంతి రింగులో పడింది, మ్యాచ్ ఓవర్‌టైమ్‌కు వెళ్లింది, వర్జీనియా గెలిచింది. సెమీఫైనల్లో 0.6 సెకన్లు మిగిలి ఉండగా కైల్ గై మూడు ఫ్రీ త్రోలూ వేసి ఆబర్న్‌ను 63-62తో ఓడించాడు. ఏప్రిల్ 8న మినియాపొలిస్‌లో ఫైనల్. మరో 13 సెకన్లలో ఆట ముగుస్తుందనగా టై జెరోమ్ లోపలికి దూసుకెళ్లి, మూలన నిలబడ్డ హంటర్‌కు బంతి అందించాడు. ముందు ఏడు మణికట్టు విరిగి కూర్చున్న ఆ హంటరే త్రీ పాయింటర్ వేసి స్కోరు సమం చేశాడు. ఓవర్‌టైమ్‌లో టెక్సాస్ టెక్ మీద 85-77తో వర్జీనియా తన మొదటి జాతీయ టైటిల్ గెలిచింది. హంటర్ పాయింట్లు 27.

విజేత అయ్యాక బెనెట్ తనకు ఇవ్వజూపిన జీతం పెంపును వద్దన్నారు. ఆ డబ్బును సహాయ సిబ్బందికీ, జట్టు అవసరాలకూ వాడమన్నారు. కోర్టు మీద నేర్పినదాన్నే ఆయన కోర్టు బయటా పాటించారు.

తర్వాత కాలేజీ ఆట స్వరూపమే మారింది. 2021 నుంచి ఆటగాళ్లు తమ పేరు మీద డబ్బు సంపాదించుకోవచ్చు. ఒక ఏడు ఆటకు దూరంగా కూర్చోకుండానే కాలేజీ మారవచ్చు. కుర్రాళ్లకు అందాల్సినది అందడం న్యాయమే. కానీ నాలుగేళ్ల ఓపికతో అల్లే రక్షణకు నాలుగేళ్లు ఉండే ఆటగాళ్లు కావాలి. ఈ కొత్త ఏర్పాటుకు తాను తగినవాణ్ణి కానని చెప్పి, 2024 అక్టోబరులో, సీజన్‌కు కొద్ది వారాల ముందు బెనెట్ తప్పుకున్నారు. ఆయన పేరిట 364 విజయాలున్నాయి, ఆ కాలేజీ చరిత్రలో ఇంకెవరికీ అన్ని లేవు. ఆయన లేని మొదటి సీజన్‌లో జట్టు 15 గెలిచి 17 ఓడింది.

ఇల్లు మళ్లీ పునాదుల దాకా వచ్చింది. 2025 మార్చిలో వర్జీనియా ఎంచుకున్న కొత్త కోచ్ రయన్ ఓడమ్. 2018లో యూఎంబీసీని నడిపించింది ఈయనే. ఆయన తండ్రి ఒకప్పుడు ఇదే కాలేజీలో సహాయ కోచ్, చిన్నప్పుడు రయన్ ఇక్కడే బంతులు అందించే కుర్రాడు. తమను అంతగా గాయపరిచినవాణ్ణి ఇంటివాడిగా పిలుచుకోవడానికి ఆ అభిమానులకు మనసు రావడమే ఒక గొప్ప విషయం. ఓడమ్ ఆట వేగమైనది, బెనెట్ ఆట కాదు. ప్యాక్ లైన్ ఆ కోర్టు మీద అదే రూపంలో ఉండకపోవచ్చు. అభిమానులు కోరుకోవాల్సింది గీతను కాదు, ఆ గీత నేర్పిన అలవాటును. పక్కవాడు దాటిపోతే తాను వెళ్లి నిలబడే అలవాటు నిలిచిందంటే ఆటగాళ్లు ఏటా మారినా అది వర్జీనియా జట్టే.

మీకు ఎప్పుడైనా కాలేజీ బాస్కెట్‌బాల్ చూసే వీలు దొరికితే, ఓ పది నిమిషాలు బంతిని వదిలేయండి. బంతికి దూరంగా ఉన్న నలుగురి కాళ్లను చూడండి. జట్టు కట్టుబడి అక్కడే తెలుస్తుంది.