అద్దంలో కనిపించిన ఆవిడ

"కళ సంఘానికి అద్దం" అని చిన్నప్పుడు బళ్లో వ్యాసం రాసి మార్కులు కొట్టేసినదాన్నే నేనూ. ఆ అద్దం ఎవరి చేతిలో ఉందో, ఎటు తిప్పి పట్టుకున్నారో చూడాలని మాత్రం, మొన్న మా అత్తగారితో కలిసి హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంకి వెళ్లేదాకా నాకు తోచనేలేదు.

గంట కొట్టే గడియారం ముందు చోటు పట్టడానికి మావారు పిల్లల్ని తీసుకుని వెళ్లిపోయారు. మేమిద్దరం ముసుగు రెబెక్కా దగ్గర ఆగిపోయాం. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన పాలరాతి బొమ్మ. నిజాం దివాను మొదటి సాలార్‌జంగ్ 1876లో రోములో కొన్నారు. రాతిలో అంత పల్చటి మేలిముసుగు, దాని చాటున ముక్కూ, పెదవులూ, వాల్చిన కళ్లూ! "అబ్బ, అచ్చం తడిబట్టే!" అని చుట్టూ అందరూ మురిసిపోతున్నారు. నేనూ మురిశాను. మురవకపోతే నేనే రాయిని.

"ఎవరే ఈ పిల్ల?" అన్నారు అత్తగారు.

బైబిల్లో కథ చెప్పాను. యజమాని కొడుక్కి పిల్లని వెతుకుతూ వచ్చిన నౌకరుకి రెబెక్కా బావి దగ్గర నీళ్లిస్తుంది. అతను అడక్కుండానే అతని పది ఒంటెలకీ తోడి పోస్తుంది. "ఈ మనిషితో వెళ్తావా?" అని ఇంట్లోవాళ్లు అడిగితే "వెళ్తాను" అని తనే చెబుతుంది. చివరికి, కాబోయే భర్త దూరాన కనిపించగానే ముసుగు వేసుకుంటుంది.

"పది ఒంటెలకి నీళ్లు తోడిన పిల్లలా ఉందా ఇది?" అన్నారావిడ.

నాకు చప్పున తట్టింది. అంత కథలోనూ శిల్పి ఏరుకున్నది ఆఖరి క్షణాన్నే. చేదతాడు పట్టిన చేతుల్ని కాదు, "వెళ్తాను" అన్న గొంతునీ కాదు. బెంజోనీ ఇలాంటి రెబెక్కాలని మరికొందరికి కూడా చెక్కి ఇచ్చాడు. పనితనానికి వంక పెట్టలేం. కానీ ఇందులో నాకు రెబెక్కా కంటే, ఆడది ఎలా ఉంటే ముచ్చటగా ఉంటుందని కొనేవాళ్లు అనుకున్నారో అదే ఎక్కువగా కనిపించింది.

అక్కణ్ణించి కొయ్య జంటబొమ్మ దగ్గరికి వెళ్లాం. 19వ శతాబ్దపు ఫ్రెంచి పని. ఒకే దుంగలో ముందువైపు మెఫిస్టోఫిలిస్, వెనకవైపు మార్గరెట్టా. గోథే రాసిన 'ఫౌస్ట్' నాటకంలో పాత్రలు. ముందు దయ్యం దర్జాగా నిలబడి ఉంటాడు. వాడి పన్నాగంలో బతుకు చితికిపోయిన పిల్ల వెనక తల వంచుకుని ఉంటుంది. వెనక పెట్టిన అద్దంలో చూస్తేగాని ఆమె కనపడదు. నన్నడిగితే రెబెక్కా కంటే ఇదే నిజాయితీ గల బొమ్మ. వెనక ఇంకొకరున్నారు సుమా అని తనే చెబుతోంది.

అత్తగారు అద్దంకేసే చూస్తూ, "మా మేనత్తా ఇంతేనే అమ్మాయ్" అన్నారు. "పదమూడో ఏటే బొట్టు పోయింది. నా పెళ్లికి మడినీళ్లన్నీ ఆవిడే తోడింది, వంటంతా ఆవిడే చేసింది. ఫోటో తీసేవేళకి మాత్రం, శుభమా అంటూ నువ్వెందుకని లోపలికి పంపించేశారు."

ఆ ఫోటో మా హాల్లోనే ఉంది. 1961లో తీసింది. ముప్ఫైమంది దాకా ఉన్నారు. నేను ఇన్నేళ్లూ రోజూ తుడుస్తూనే ఉన్నాను. లేనివాళ్లెవరని ఒక్కనాడూ అడగలేదు.

ఇంటికి రాగానే అత్తగారు ఫోటో దింపించారు. వెనక అట్ట మీద పెన్సిలుతో, వణికే చేత్తో, మేనత్తగారి పేరు రాశారు. మళ్లీ గోడకి తగిలించాం. వచ్చినవాళ్లకి ఆ పేరు కనపడదు, నిజమే. అందుకని ఫోటో చూసి మెచ్చుకున్నవాళ్లందరికీ ఇప్పుడు వెనక్కి తిప్పి కూడా చూపిస్తున్నాను.