వాయిదా ముందురోజు గుమస్తా

కోర్టులో వాదించేది ప్లీడరు. ముందురోజు సాయంత్రం మాత్రం ఆయన గుమస్తాదే.

డైరీలో మర్నాటి వాయిదాలు చూసుకుని ఒక్కో కేసు కట్ట విప్పుతాడు. దావా, జవాబుదావా, ఐ.ఏ.లు (మధ్యంతర దరఖాస్తులు) వరసలో ఉన్నాయా? వాది పత్రాలకు ఎ, ప్రతివాది పత్రాలకు బి నంబర్లు సరిపోయాయా? సాక్షి అఫిడవిట్ నకలు అవతలి ప్లీడరుకు అందిందా? స్టాంపు చాలని దస్తావేజు కనబడితే వెంటనే చెబుతాడు. లోటు సుంకం, దానికి పది రెట్ల జరిమానా కడితే తప్ప కోర్టు దాన్ని సాక్ష్యంగా తీసుకోదు మరి.

తర్వాత కక్షిదారుకు ఫోను. “పెద్దాయనా, పదింటికల్లా వచ్చెయ్యండి. ఒరిజినల్ దస్తావేజు, ఆధార్ కార్డు మర్చిపోకండి.” కక్షిదారు ఊరి నుంచి తొలి బస్సు ఎన్నింటికో కూడా గుమస్తాకు తెలుసు. ఈ పలకరింపు విలువ మొదటిసారి బోనెక్కబోయే రైతుకే బాగా తెలుస్తుంది.

అన్నిటికన్నా మెచ్చుకోవలసింది గడువుల లెక్క. మామూలు సివిల్ దావాలో సమన్లు అందిన 30 రోజుల్లో జవాబుదావా వెయ్యాలి. కోర్టు ఒప్పుకుంటే 90 వరకు. తీర్పు నకలు తీసుకోవడానికి పట్టిన కాలాన్ని అప్పీలు గడువులోంచి మినహాయిస్తారు. అందుకే దరఖాస్తు పెట్టిన తేదీ, నకలు సిద్ధమైన తేదీ అతని డైరీలో పక్కపక్కనే ఉంటాయి.

ఇప్పుడు ఈ-కోర్టుల యాప్‌లో కేసుకు ఇచ్చిన 16 అక్షరాల సి.ఎన్.ఆర్. నంబరు కొడితే వాయిదా తేదీ ఎవరికైనా కనిపిస్తుంది. గుమస్తా ఆ నంబరును కూడా డైరీలోకి ఎక్కించుకున్నాడు.